అరగంటలో ఆరు పాటలు: జానీ హార్ట్‌మన్ పాడుతుంటే వెనక నలుగురూ ఏం చేశారు

జాజ్‌లో ఒక మంచి సింగర్ ఆల్బమ్ చెప్పమంటే చాలామంది నోట ముందొచ్చే వాటిల్లో 1963లో ఇంపల్స్ కంపెనీ వేసిన జాన్ కోల్ట్రేన్, జానీ హార్ట్‌మన్ రికార్డ్ ఒకటి. దానికి వేరే టైటిల్ కూడా పెట్టలేదు, ఇద్దరి పేర్లే ఆల్బమ్ పేరు. మొత్తం ఆరు పాటలు, అన్నీ పాతవే, ఒకటి తప్ప అన్నీ బాగా స్లో, అంతా కలిపితే అరగంట కొంచెం దాటుతుంది అంతే. పాడింది హార్ట్‌మన్ ఒక్కడే, వాయించింది నలుగురు: కోల్ట్రేన్ టెనర్ సాక్సోఫోన్, మెకాయ్ టైనర్ పియానో, జిమ్మీ గారిసన్ బేస్, ఎల్విన్ జోన్స్ డ్రమ్స్. వయొలిన్ల గుంపు లేదు, కోరస్ లేదు, పెద్ద బ్యాండ్ లేదు.

పైకి ఇంత సాదాగా ఉన్న రికార్డ్‌ని అరవై ఏళ్లు దాటినా సింగర్లు ఇంకా నమూనాగా పెట్టుకుంటున్నారంటే ఎందుకో కాస్త దగ్గరగా చూడాలి. గొంతు బాగుంది, సాక్స్ బాగుంది అంటే సరిపోదు, ఎందుకంటే గొంతు ఇంతే బాగున్న ఆల్బమ్‌లు హార్ట్‌మన్‌వే ఇంకా ఉన్నాయి, కోల్ట్రేన్ ఇంతకంటే గొప్పగా వాయించినవి డజన్ల కొద్దీ ఉన్నాయి, అయినా ఇలాంటిది ఇంకోటి లేదు. తేడా ఎక్కడుందంటే, వాయించడంలో ఆకాశమంత సత్తా ఉన్న నలుగురు మనుషులు ఒక సింగర్ కోసం ఎక్కడ ఆగాలో, ఎంత తగ్గాలో తెలిసి తగ్గారు, అదీ భయపడో మొహమాటపడో కాదు, ఇష్టంగా.

ఇలాంటి పాత పాటల్ని జాజ్‌లో స్టాండర్డ్స్ అంటారు, ముందు అవేంటో చెప్పుకోవాలి. 1920ల నుంచి 1950ల దాకా అమెరికాలో బ్రాడ్‌వే నాటకాలకీ హాలీవుడ్ సినిమాలకీ రేడియోకీ రాసిన పాటల్లో కొన్ని, ఆ నాటకం పోయినా, సినిమా మర్చిపోయినా నిలబడిపోయాయి, వాటిని జాజ్ వాళ్లు తమ ఉమ్మడి ఆస్తిలాగా వాడుకుంటారు. ఎవరు ఏ ఊళ్లో కలిసినా పాట పేరు, శ్రుతి చెప్పుకుంటే చాలు, రిహార్సల్ లేకుండా వాయించేస్తారు. చాలా పాటలకి ఒకే కొలత, 32 బార్లు (బార్ అంటే తాళంలో ఒక ఆవృత్తం లాంటిది, మామూలుగా నాలుగు బీట్లు), ఎనిమిదేసి బార్ల ముక్కలు నాలుగు. మొదటి రెండు ముక్కల్లోనూ ఒకే ట్యూన్, మూడోది వేరే దారిలో వెళ్తుంది, దాన్ని బ్రిడ్జ్ అంటారు, నాలుగోది మళ్లీ మొదటి ట్యూన్‌కే వస్తుంది. ఈ 32 బార్లూ ఒకసారి పూర్తయితే ఒక కోరస్ అంటారు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఈ ఆల్బమ్‌లో ఏం జరుగుతోందో సగం అర్థమైపోతుంది.

ఇప్పుడు మనుషుల దగ్గరికొద్దాం. 1963 నాటికి కోల్ట్రేన్ అంటే జాజ్‌లో పెద్ద గొడవ. ఒక్కో సోలో ఇరవై నిమిషాలు, నోట్ల మీద నోట్లు కుమ్మరించేవాడు, 1961 నవంబర్‌లో డౌన్‌బీట్ పత్రికలో జాన్ టైనన్ అనే క్రిటిక్ ఆయనా తోటి వాద్యకారుడు ఎరిక్ డాల్ఫీ కలిసి వాయించేదాన్ని ఏకంగా యాంటీ జాజ్ అనేశాడు. ఇండియాలో కోల్ట్రేన్ పేరెత్తితే మాట తరచుగా ఇంకో వైపు వెళ్తుంది, ఆయన రవిశంకర్ సంగీతం శ్రద్ధగా విన్నాడని, కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడని, ఆయన పోయాక భార్య ఆలిస్ కోల్ట్రేన్ పుట్టపర్తి సాయిబాబా భక్తురాలై కాలిఫోర్నియాలోని తన ఆశ్రమానికి సాయి అనంతం అని పేరు పెట్టిందని. అదంతా నిజమే, కానీ ఈ ఆల్బమ్‌లో ఉన్న కోల్ట్రేన్ ఆ రెండు రకాల వాడూ కాదు. ఇక్కడ ఉన్నది పాత ప్రేమ పాటల్ని మనసారా ఇష్టపడే మనిషి. ఆ చుట్టుపక్కలే బ్యాలడ్స్ అని పూర్తిగా స్లో పాటలతో ఇంకో ఆల్బమ్ చేశాడు, 1962 సెప్టెంబర్‌లో పేరున్న బ్యాండ్ లీడర్, పియానిస్ట్ డ్యూక్ ఎలింగ్టన్‌తో కలిసి ఒకటి రికార్డ్ చేశాడు. ఈ మూడూ ఒక వరసలోవి, వీటి వెనక నిర్మాత బాబ్ థీల్. విమర్శకుల నోరు మూయించడానికి కంపెనీ చేయించిందని కొందరు కొట్టిపారేస్తారు గానీ, ఒకసారి కూర్చుని వింటే ఆ మాట నిలబడదు, ఇష్టం లేకుండా బ్యాలడ్‌ని ఇంత ఓపికగా ఎవరూ వాయించలేరు.

ఇంకో విషయం 2018లో బయటపడింది. ఈ నలుగురే న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో 1963 మార్చి 6న ఒక పూర్తి సెషన్ రికార్డ్ చేశారు, ఆ టేపులు దశాబ్దాల పాటు జనానికి అందలేదు, చివరికి బోత్ డైరెక్షన్స్ ఎట్ వన్స్ పేరుతో విడుదలయ్యాయి. హార్ట్‌మన్ ఆల్బమ్ రికార్డ్ అయింది సరిగ్గా ఆ మర్నాడు, మార్చి 7న, అదే స్టూడియోలో. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినాలి. మొదటి రోజు ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ మీద విరుచుకుపడుతుంటాడు, టైనర్ ఎడమ చేత్తో బరువైన కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, దబదబా వేస్తుంటాడు, కోల్ట్రేన్ ఎక్కడా ఊపిరి తీసుకున్నట్టే ఉండదు. రాత్రి గడిచిందో లేదో అదే మనుషులు ఒక గొంతు చుట్టూ ఇంత మెత్తగా సర్దుకున్నారు. వాళ్లకి చేతకాక తక్కువ వాయించలేదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

హార్ట్‌మన్ సంగతి వేరు. 1923లో పుట్టాడు, షికాగోలో పెరిగాడు, 1940ల చివర్లో ఎర్ల్ హైన్స్ బ్యాండ్‌లో, తర్వాత డిజ్జీ గిలెస్పీ పెద్ద బ్యాండ్‌లో పాడాడు. మంచి లోతైన బారిటోన్, అంటే మగ గొంతుల్లో కాస్త కింది స్థాయిది, సింగర్ బిల్లీ ఎక్‌స్టైన్ దారిలో నడిచిన గొంతు. 1955లో మొదటి ఆల్బమ్ వచ్చింది కానీ పెద్ద పేరు రాలేదు. టాలెంట్ తక్కువై కాదు, నల్లజాతి మగ సింగర్ సూటు వేసుకుని నిలబడి ప్రేమ పాటలు పాడితే అప్పటి అమెరికాలో దారులు బాగా ఇరుకు, అంత పాపులర్ అయిన నాట్ కింగ్ కోల్ టీవీ షోకే దేశవ్యాప్త స్పాన్సర్ దొరక్క 1957లో ఆగిపోయింది. పైగా హార్ట్‌మన్ స్కాట్ పాడడు, అంటే మాటలు లేకుండా స్వరాలతో అల్లుకుంటూ పోవడం ఆయన పద్ధతి కాదు, అందుకని జాజ్ వాళ్లు పాప్ సింగర్ అనుకున్నారు, పాప్ వాళ్లకి ఈయన జాజ్ మనిషి. కోల్ట్రేన్‌తో చేద్దామా అని కబురొచ్చినప్పుడు కూడా తను ఆ సంగీతానికి సరిపోతానా అని మొదట వెనకాడాడని చెప్తారు. న్యూయార్క్‌లో బర్డ్‌ల్యాండ్ క్లబ్‌కి వెళ్లి విని, కలిసి కొన్ని పాటలు పాడి చూశాక ఒప్పుకున్నాడట. కోల్ట్రేన్ లీడర్‌గా ఒక సింగర్‌తో చేసిన రికార్డ్ ఇదొక్కటే, హార్ట్‌మన్‌ని కోరి తెచ్చుకున్నది కూడా ఆయనే.

సరే, అసలు పని ఎలా జరిగిందో చూద్దాం. స్లో పాటలో మొదటి సమస్య టైమ్. చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది: 32 బార్లు, బార్‌కి నాలుగు బీట్లు, మొత్తం 128 బీట్లు. నిమిషానికి 60 బీట్ల లోపు వేగంలో వెళ్తుంటే ఒక్క కోరస్‌కే రెండు నిమిషాలు దాటిపోతుంది. అంటే ఐదు నిమిషాల పాటలో రెండు కోరస్‌లకి మించి పట్టవు. ఫాస్ట్ పాటలో అయితే సింగర్ పాడాక సాక్స్‌కి నాలుగు కోరస్‌లు, పియానోకి మూడు, బేస్‌కి ఒకటి అని పంచుకోవచ్చు, ఇక్కడ పంచుకోడానికి ఉన్నది రెండే. అందుకే ఈ ఆల్బమ్‌లో ఎవరికి ఎన్ని బార్లు ఇవ్వాలన్నదే పెద్ద నిర్ణయం. తొలి పాట దే సే ఇట్స్ వండర్‌ఫుల్‌లో హార్ట్‌మన్ ముందు పాట మొత్తం పాడతాడు, తర్వాత కోల్ట్రేన్ సోలో, చివరి భాగం మళ్లీ హార్ట్‌మన్ అందుకుంటాడు. వినేవాడికి అన్నీ సమపాళ్లలో ఉన్నట్టు, ఎవరికీ అన్యాయం జరగనట్టు అనిపిస్తుంది, కానీ నిజానికి కోల్ట్రేన్‌కి ఇక్కడ దొరికే సమయం ఆయన క్లబ్‌లో వాయించేదాంట్లో పదో వంతు కూడా ఉండదు.

స్లో టెంపోలో ఇంకో కష్టం ఉంది, బీట్‌కి బీట్‌కి మధ్య సెకను పైన ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో పాట కుంటకుండా, పడిపోకుండా నడవాలి. ఎల్విన్ జోన్స్ ఇక్కడ ఎక్కువగా బ్రష్‌లే వాడాడు, తీగలతో చేసిన ఆ కుంచెల్లాంటివాటితో స్నేర్ డ్రమ్ మీద గుండ్రంగా రుద్దుతూ ఉంటే ఆగని ఒక సన్నటి శబ్దం వస్తుంది, దెబ్బలుగా వినపడదు, బీట్ల మధ్య ఖాళీని నింపుతూ ఉంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ రుద్దడం ఒక్కటే పట్టుకుని వింటే ఎంత అందంగా ఉంటుందో, ఒక్కో చోట చిన్నగా మూడేసిగా విరుస్తాడు, సింబల్ అనే ఇత్తడి పళ్లెం మీద ఒక తట్టు తట్టి వదిలేస్తాడు. గారిసన్ బేస్ పనీ ఇలాంటిదే. బార్‌కి రెండేసి నోట్లతో నెమ్మదిగా నడిపిస్తాడు, సాక్స్ సోలో వచ్చినప్పుడు కాస్త కదలిక పెంచుతాడు. ఆ నోటు ఎంతసేపు మోగాలో, ఎక్కడ కట్ చెయ్యాలో చూసుకోవడంలోనే పనితనమంతా ఉంది. బేస్ నోట్ తొందరగా ఆగిపోతే సింగర్ కాళ్ల కింద నేల లేనట్టు అయిపోతుంది.

టైనర్ పియానో అయితే ఈ ఆల్బమ్‌లో తక్కువ మెప్పు దొరికిన పని అనిపిస్తుంది. సింగర్ వెనక పియానో వాయించేవాళ్లకి ఉండే పెద్ద టెంప్టేషన్, పాట ట్యూన్‌ని తాము కూడా పైన వాయించెయ్యడం. అలా చేస్తే సింగర్ ట్యూన్‌ని కొంచెం వెనక్కి లాగినా ముందుకి తోసినా పియానోతో తేడా కొట్టేస్తుంది. టైనర్ ట్యూన్ జోలికి పోడు, కార్డ్స్ మాత్రమే ఇస్తాడు, అదీ గొంతు ఆగినచోట పెడతాడు, గొంతు నడుస్తున్నప్పుడు అలా నిలబెట్టి ఉంచుతాడు. ఆయన అప్పుడప్పుడు పై స్వరాల్లో గలగలమని జార్చే చిన్న వరసలున్నాయి, అవి కూడా లైన్ చివర శ్వాస తీసుకునే చోటే వస్తాయి.

ఇక సాక్స్. ఇక్కడ ఒక ప్రాక్టికల్ ఇబ్బంది ఉంది, టెనర్ సాక్సోఫోన్ కింది సగం, బారిటోన్ గొంతు రెండూ దాదాపు ఒకే స్థాయిలో మోగుతాయి. రెండూ ఒకేసారి ఒకే చోట మోగితే మాటలు కొట్టుకుపోతాయి, వినేవాడికి ముద్దగా తయారవుతుంది. ఆడ సింగర్‌కి వెనక టెనర్ పెడితే ఈ గొడవ ఇంతుండదు. కోల్ట్రేన్ ఏం చేశాడంటే చాలా చోట్ల హార్ట్‌మన్ పాడుతున్నంతసేపూ అసలు వాయించడు, వాయించినా లైన్లకి మధ్య ఖాళీల్లో, ఎక్కువగా గొంతు కంటే పైన, చిన్న ముక్క వాయించి తప్పుకుంటాడు. కచేరీలు వినే అలవాటున్నవాళ్లకి ఇది వెంటనే తెలిసిపోతుంది, గాయకుడు రాగం పాడుతుంటే వయొలిన్ విద్వాంసుడు ఆ చివరి సంగతిని పట్టుకుని నీడలాగా వెంట వెళ్లి, తన వంతు వచ్చినప్పుడు మాత్రమే పూర్తిగా విప్పుతాడు చూడండి, ఆ మర్యాదే ఇక్కడా ఉంది. తేడా ఏంటంటే వయొలిన్ గాయకుడు పాడిందాన్నే తిప్పి చెప్తుంది, కోల్ట్రేన్ మాత్రం హార్ట్‌మన్ పాడనిది చెప్తాడు, మాటల్లో మిగిలిపోయిన కోరికనో దిగులునో ఒక్క ముక్కలో అనేసి ఊరుకుంటాడు.

హార్ట్‌మన్ పాడే తీరు గురించి చెప్పాలంటే ముందు ఉచ్చారణ. ప్రతి మాటా స్పష్టం, చివరి అక్షరం దాకా. అయినా ఒత్తి పలికినట్టుండదు, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. రెండోది బీట్‌కి వెనకగా పాడటం. కార్డ్ మారాక ఒక క్షణం ఆగి అప్పుడు మాట వదులుతాడు, దానివల్ల ప్రతి లైనూ ఆలోచించి చెప్పినట్టు వినిపిస్తుంది. అయితే వెనకబడిపోడు, లైన్ చివరికొచ్చేసరికి ఎక్కడో కొంచెం తొందరపడి సరిచేసుకుంటాడు, అదెక్కడ చేశాడో పట్టుకోవడం కష్టం. మూడోది వైబ్రాటో, అంటే గొంతులో వచ్చే ఆ వణుకు. అది నోట్ మొదట్లో ఉండదు. ముందు స్వరాన్ని తిన్నగా పట్టుకుంటాడు, ఆ తర్వాతే మెల్లగా వణుకు రానిస్తాడు. చాలామంది బారిటోన్లు మొదటి క్షణం నుంచే వణికించేస్తారు, అందుకే వాళ్ల పాటలు ఇప్పుడు వింటే పాతబడినట్టుంటాయి, ఈయనవి ఉండవు.

ఇదంతా ఎక్కడ బాగా కనిపిస్తుందంటే మై వన్ అండ్ ఓన్లీ లవ్‌లో. ఆ పాటకి ఒక చిన్న చరిత్ర ఉంది, గై వుడ్ కట్టిన ట్యూన్ 1940ల చివర్లో వేరే మాటలతో, వేరే పేరుతో వచ్చి ఎవరికీ పట్టలేదు, తర్వాత రాబర్ట్ మెలిన్ కొత్త మాటలు రాశాడు, 1953లో సింగర్ ఫ్రాంక్ సినాట్రా పాడాక జనంలోకి వెళ్లింది. మొదటి లైనే కింద నుంచి ఎత్తుకుని ఒక్క ఊపులో చాలా పైకి వెళ్లిపోతుంది, గొంతుకి కష్టమైన ట్యూన్, ఏ మాత్రం బలవంతం చేసినా తెలిసిపోతుంది. ఇక్కడ వాళ్లు చేసిన పని చూడండి. పాట దాదాపు ఐదు నిమిషాలు. మొదటి కోరస్ మొత్తం కోల్ట్రేన్‌కే ఇచ్చేశారు. సింగర్ ఆల్బమ్‌లో సింగర్ రెండు నిమిషాల పైన నోరు విప్పడు!

ఆ రెండు నిమిషాలూ కోల్ట్రేన్ చేసింది ట్యూన్ వాయించడం, అంతే. అక్కడక్కడా ఒక స్వరాన్ని చుట్టి వదలడం, ఒక లైన్ చివర చిన్న అలంకారం, మిగతాదంతా ట్యూన్ ఉన్నదున్నట్టు. మాటలు మనసులో పెట్టుకుని వాయించినట్టుంటుంది, ఎక్కడ కామా ఉందో ఎక్కడ వాక్యం అయిపోయిందో సాక్స్‌లో తెలుస్తుంది. బ్రిడ్జ్‌లో కొంచెం గట్టిపడతాడు, మళ్లీ చివరి ఎనిమిది బార్లకి తగ్గుతాడు. ఆ 32 బార్లూ అయ్యాక, అప్పటికే ట్యూన్ చెవికి అలవాటైపోయిన చోట, హార్ట్‌మన్ ఎత్తుకుంటాడు. ఆ ఎత్తుకోవడం జాజ్ మొత్తంలోనే గొప్ప ఎంట్రీల్లో ఒకటి. ఎందుకంత పనిచేస్తుందంటే, మామూలుగా అయితే ముందు గొంతు మాటల్ని చెప్తుంది, తర్వాత సాక్స్ దానిమీద వ్యాఖ్యానం చేస్తుంది. ఇక్కడ తలకిందులు చేశారు, భావం ముందొచ్చింది, దానికి మాటలు తర్వాత దొరికాయి. అంతసేపు వేచి ఉన్నాక వచ్చిన గొంతు కూడా ఏదో నిరూపించుకోడానికి వచ్చినట్టుండదు, సాక్స్ ఆపిన చోటు నుంచి అదే ఊపిరితో కొనసాగినట్టుంటుంది. రెండూ ఒకే స్థాయిలో మోగడం ఇబ్బంది అని పైన చెప్పుకున్నాం కదా, ఆ ఇబ్బందే ఇక్కడ వరమైంది, సాక్స్ రంగూ గొంతు రంగూ అంత దగ్గరగా ఉండబట్టే అతుకు కనిపించదు.

లష్ లైఫ్ ఇంకో లెవెల్. కంపోజర్ బిల్లీ స్ట్రేహార్న్ ఈ పాటని టీనేజ్‌లోనే మొదలుపెట్టి ఇరవైల మొదట్లోనే పూర్తి చేశాడు, అప్పటికి పిట్స్‌బర్గ్‌లో ఉండేవాడు, ఎలింగ్టన్ దగ్గర చేరనే లేదు. నైట్ క్లబ్బుల బతుకుతో విసిగిపోయి, మధ్యలో ఒక ప్రేమ దొరికినట్టే దొరికి చెయ్యి జారిపోయి, చివరికి ఏదో చిన్న బార్‌లో తనలాంటి ఒంటరివాళ్లతో కూర్చుని మిగిలిన రోజులు వెళ్లదీస్తానని చెప్పే మనిషి పాట అది, ఆ వయసులో ఎలా రాశాడో ఆశ్చర్యం. ట్యూన్ కూడా మామూలు 32 బార్ల చట్రంలో ఉండదు. మిగతా స్టాండర్డ్స్‌లో ముందుండే వర్స్ అనే భాగాన్ని చాలామంది ఎగరగొట్టేస్తారు, ఇందులో అది తీసేస్తే కథే లేదు. కార్డ్స్ అర్ధస్వరాల మీద జారుతూ పోతుంటాయి, సింగర్‌కి పట్టుకోడానికి ఆధారం దొరకదు, సినాట్రా అంతటివాడు 1958లో రికార్డ్ చెయ్యబోయి మధ్యలో వదిలేశాడు.

ముందు అనుకున్న లిస్ట్‌లో ఈ పాట లేదట. స్టూడియోకి కార్లో వెళ్తుంటే రేడియోలో నాట్ కింగ్ కోల్ పాడిన లష్ లైఫ్ వచ్చింది, అది విని హార్ట్‌మన్ ఇది చేద్దాం అన్నాడని కథ. కోల్ట్రేన్‌కి పాట కొత్తేం కాదు, 1958 జనవరిలో ప్రెస్టీజ్ కంపెనీకి డొనాల్డ్ బర్డ్ ట్రంపెట్‌తో కలిసి దాదాపు 14 నిమిషాల వెర్షన్ వాయించి ఉన్నాడు. ఇక్కడది ఐదున్నర నిమిషాలు. వర్స్ భాగంలో తాళం బిగించలేదు, హార్ట్‌మన్ తన ఇష్టమొచ్చిన నడకలో చెప్పుకుంటూ పోతుంటే ప్రధానంగా టైనర్ పియానో ఆ నడకని చూసుకుంటూ వెంట వస్తుంది, ఆయన ఆగితే ఆగుతుంది, కదిలితే కదులుతుంది. కోరస్ మొదలయ్యాకే బేస్, డ్రమ్స్ నిలకడైన టైమ్‌లోకి దిగుతాయి. అది చిన్న విషయంలా ఉంటుంది కానీ అర్థం మీద గట్టి ప్రభావం చూపిస్తుంది, అప్పటిదాకా జ్ఞాపకాల్లో తిరుగుతున్న మనిషి ఆ తాళం పడ్డాక ఇప్పటి బతుకులోకి వచ్చి కూర్చున్నట్టవుతుంది.

హార్ట్‌మన్ దీన్ని ఏడుపు పాటలా పాడకపోవడం గొప్ప నిర్ణయం. ఈ పాట పాడేవాళ్లలో చాలామంది మాటల్లో ఉన్న వ్యంగ్యాన్ని ఎక్కువ చేసేస్తారు, లేదంటే తాగిన మనిషిలా నటించేస్తారు. ఈయన అదేం చెయ్యడు, తలెత్తుకుని, మర్యాదగా, జరిగింది జరిగినట్టు చెప్తాడు. స్వరం ఎక్కడా ఒలికిపోదు. తన ఓటమిని చెప్పేటప్పుడు కూడా షర్ట్ ఇస్త్రీ నలగని మనిషి అన్నమాట, అలా చెప్పబట్టే వినేవాళ్లకి గుండె బరువెక్కుతుంది. చివర్లో గొంతు పైకి తీసుకెళ్లే చోట కూడా బలం చూపించడు. ఈ పాటకి ఇంతకంటే మంచి వెర్షన్ ఉందని వాదించేవాళ్లు నాట్ కోల్‌ని చూపిస్తారు, ఆయన గొంతుకి వంక పెట్టలేం, కానీ అక్కడ ఆర్కెస్ట్రా ప్రతి మాటకీ బొమ్మ గీసి చూపిస్తూ ఉంటుంది, పాటకి ఊపిరాడదు. నలుగురే ఉండటం వల్ల వచ్చే లాభం ఏంటో ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి వింటే ఇట్టే తెలుస్తుంది.

మిగతావాటిలో డెడికేటెడ్ టు యూ పాటగా చూస్తే కాస్త బలహీనం, మాటల్లో పెద్దగా ఏం లేదు, సారా వాన్, బిల్లీ ఎక్‌స్టైన్ కలిసి పాడిన వెర్షన్ అంతకుముందే ఉంది, కానీ గొంతు నిగారింపు వినాలంటే మాత్రం ఇదే వినాలి. యు ఆర్ టూ బ్యూటిఫుల్ రాడ్జర్స్, హార్ట్ అనే పాటల జంట రాసింది, 1933లో ఒక సినిమాలో ఆల్ జోల్సన్ పాడాడు. జోల్సన్ మైక్ రాకముందు స్టేజీ మీద తయారైన గాయకుడు, చివరి వరసలో కూర్చున్నవాడికి వినిపించాలంటే గట్టిగా పాడాల్సిందే, ఆ అలవాటు గొంతులో ఉండిపోయింది. హార్ట్‌మన్ మైక్ ముందు పెరిగిన తరం, అదే పాటని ఒక్క మనిషికే చెప్తున్నట్టు పాడగలడు, ముప్ఫై ఏళ్లలో పాడే కళ ఎంత మారిందో ఈ ఒక్క పాటలో చూడొచ్చు. ఆటమ్ సెరినేడ్ చివరిది, ఇందులో మాత్రం ఎల్విన్ లాటిన్ లయ అందుకుంటాడు, అప్పటిదాకా ఐదు పాటలూ ఒకే నెమ్మదిలో విన్న చెవికి కొంచెం కదలిక దొరుకుతుంది. దాన్ని చివర పెట్టడం తెలివైన పని.

అన్నీ ఇంత స్లోగా ఉండటం ఒక లోపమే అనేవాళ్లున్నారు, మధ్యలో ఒక్క ఫాస్ట్ పాట పడితే బాగుండేది అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, పరధ్యానంగా పెట్టుకుని వేరే పని చేసుకుంటుంటే మొదటి మూడు పాటలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కానీ అరగంటే కాబట్టి సరిపోయింది, ఇంకో రెండు పాటలు ఉంటే బరువైపోయేదేమో. అప్పటి ఎల్పీలో ఇంకా చోటుంది, అయినా ఆరుతో ఆపారు.

సౌండ్ గురించి కూడా ఒక మాట. వాన్ గెల్డర్ చాలా ఏళ్లు పగలంతా కళ్ల పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్ట్‌గా పనిచేస్తూ ఖాళీ టైమ్‌లో హాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి హాల్లోనే రికార్డింగులు చేసేవాడు, 1959లో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో చెక్క కమానులతో చాలా ఎత్తైన కప్పున్న స్టూడియో కట్టించుకున్నాడు. ఆ గదిలో సహజంగా ఉన్న ప్రతిధ్వని ఈ రికార్డ్‌లో గొంతు చుట్టూ వినిపిస్తుంది, గొంతు దగ్గరగానూ ఉంటుంది, ఇరుగ్గానూ అనిపించదు. ఆయన పియానో రికార్డింగ్ మీద చాలామందికి ఫిర్యాదులున్నాయి, కొంచెం డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుందని, అది ఇక్కడా ఉంది, కాకపోతే పియానో వెనక ఉండాల్సిన రికార్డ్ కాబట్టి అంత ఇబ్బంది పెట్టదు.

అన్నీ ఒక్క టేక్‌లోనే అయిపోయాయి, ఒక్క యు ఆర్ టూ బ్యూటిఫుల్‌కి మాత్రం ఎల్విన్ చేతిలోంచి స్టిక్ జారి కిందపడటంతో రెండోసారి చెయ్యాల్సొచ్చింది అనే కథ చాలా ఏళ్లు నడిచింది. 2005 ప్రాంతంలో వేరే టేకులు ఉన్నట్టు బయటపడ్డాక ఆ కథ నిలబడలేదు. నిజానికి అది తెలిశాక ఈ ఆల్బమ్ మీద గౌరవం పెరగాలి, ఏదో మాయలో అలా కుదిరిపోయింది అనుకోవడం కంటే, చేసి, విని, మళ్లీ చేసి ఎంచుకున్నారు అనుకోవడం ఈ మనుషుల పనితనానికి ఎక్కువ న్యాయం చేస్తుంది.

హార్ట్‌మన్‌కి దీనివల్ల రావాల్సినంత రాలేదు. ఇంపల్స్‌కే వెంటనే ఇంకో రెండు ఆల్బమ్‌లు చేశాడు, మంచివే, కానీ అప్పటికి బీటిల్స్ గాలి మొదలైంది, స్టాండర్డ్స్ పాడేవాళ్లకి మార్కెట్ కుంచించుకుపోయింది. 1967లో కోల్ట్రేన్ పోయాడు, 1983లో హార్ట్‌మన్ పోయాడు. 1995లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తన ది బ్రిడ్జెస్ ఆఫ్ మాడిసన్ కౌంటీ సినిమాలో హార్ట్‌మన్ చివరి రోజుల్లో పాడిన పాటలు వాడాకగానీ మామూలు జనానికి ఈ గొంతు ఎవరిదో తెలీలేదు, అప్పటికి ఆయన పోయి పన్నెండేళ్లు.

సింగర్లు మాత్రం మర్చిపోలేదు. కర్ట్ ఎలింగ్ 2009లో ఈ పాటలతోనే న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో లైవ్‌గా ఒక ఆల్బమ్ చేశాడు, ఎర్నీ వాట్స్ టెనర్ వాయించాడు, దానికి గ్రామీ కూడా వచ్చింది. అందులో స్ట్రింగ్ క్వార్టెట్ కలిపాడు, మధ్యమధ్యలో మాటలు కూడా చెప్తాడు. తెలివైన పనే, కాపీ కొట్టకుండా తన దారి వెతుక్కున్నాడు. కానీ అసలుదాన్ని కూడా పక్కన పెట్టుకుని మై వన్ అండ్ ఓన్లీ లవ్ ఒకసారి అక్కడ, ఒకసారి ఇక్కడ విని, గొంతు మొదలయ్యేదాకా ఎల్విన్ బ్రష్‌లూ గారిసన్ బేస్ మాత్రమే గమనించి చూడండి, ఆ రెండు నిమిషాల్లో వాళ్లు ఎన్ని చోట్ల చెయ్యి ఎత్తి మళ్లీ దించేశారో వినపడుతుంది.